మగవారికి రొమ్ము పాలు వస్తాయా? – సిగ్గు విడిచి తెలుసుకోవలసిన సంగతులు



ఈ రోజు మనం మాట్లాడుకోబోయే విషయం వినగానే కొందరికి నవ్వు వస్తుంది, కొందరికి సిగ్గు వేస్తుంది. నవ్వుకోండి, తప్పు లేదు. కాని నవ్వు అయిపోయిన తర్వాత కాస్త చెవి ఒగ్గి వినండి. ఎందుకంటే ఆ నవ్వుకూ సిగ్గుకూ మధ్య కొన్ని జబ్బులు చప్పుడు లేకుండా ముదిరిపోతున్నాయి.

"మగవారికి పాలు వస్తాయా?" అనే ప్రశ్నకు జవాబు ముందుగానే చెబుతాను. అవును, అరుదుగా కొందరికి కొన్ని చుక్కలు రావచ్చు. కాని బిడ్డ కడుపు నింపేటన్ని పాలు ఆరోగ్యవంతుడైన మగవాడికి రావు. పెద్దవాడైన మగవాడి చనుమొన నుండి పాల వంటి ద్రవం వస్తే అది వింత కాదు, శాపం కాదు, ఎవరో చేసిన చేతబడి అంతకన్నా కాదు. లోపల ఏదో తేడా వచ్చిందని శరీరం పంపే కబురు. ఆ కబురు ఎక్కడి నుండి వచ్చిందో తెలుసుకోవడమే మన పని.

మగవారికి చనుమొనలు ఎందుకున్నాయి?

తల్లి గర్భంలో బిడ్డ రూపం దిద్దుకునేటప్పుడు మొదటి ఆరు వారాల వరకు మగబిడ్డకూ ఆడబిడ్డకూ పైకి తేడా కనిపించదు. రొమ్ము తయారీ ఆ సమయానికే మొదలవుతుంది. మగ హార్మోన్ల ప్రభావం ఆ తర్వాత వస్తుంది. కాబట్టి చనుమొన, దాని వెనుక సన్నని పాల గొట్టాలు మగబిడ్డలో కూడా ఉండిపోతాయి.

ఈడు వచ్చిన ఆడపిల్లలో ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరోన్ అనే హార్మోన్లు ఈ గొట్టాలను పెంచి, వాటి చివర పాలు తయారుచేసే చిన్న చిన్న సంచులను ఏర్పరుస్తాయి. మగవారిలో గొట్టాలు ఉంటాయి గాని ఆ సంచులు దాదాపు ఉండవు. కాలువ తవ్వి ఉంది, పొలం మాత్రం దున్నలేదు అనుకోండి. అంతే తేడా.

పాలు ఎలా తయారవుతాయి?

మెదడు కింద, ముక్కు మొదలుకు సూటిగా లోపల, శనగ గింజంత గ్రంథి ఒకటి ఉంది. దానిని పిట్యూటరీ గ్రంథి లేక పీయూష గ్రంథి అంటారు. అది విడుదల చేసే ప్రొలాక్టిన్ అనే హార్మోను పాలను తయారు చేయిస్తుంది. ఈ ప్రొలాక్టిన్ ఆడవారికి మాత్రమే ఉంటుందని అనుకోవద్దు. ప్రతి మగవాడి రక్తంలోనూ కొద్దిగా ఉంటుంది. మామూలుగా మిల్లీలీటరు రక్తంలో సుమారు 15 నుండి 20 నానోగ్రాముల లోపు ఉంటుంది. లేబరేటరీని బట్టి ఈ అంకె కొంచెం మారుతుంది.

మరి మగవారికి పాలెందుకు రావు? సాగర్ ఎడమ కాల్వ కింద సేద్యం చేసే మీకు ఈ సంగతి తేలికగా అర్థమవుతుంది. కాల్వలో నీరు ఉన్నా షట్టరు దించి ఉంటే పొలంలోకి రాదు. అలాగే మెదడులో తయారయ్యే డోపమిన్ అనే పదార్థం ప్రొలాక్టిన్‌కు షట్టరు వంటిది. రాత్రింబవళ్ళు అది దించే ఉంటుంది. ఏ కారణం చేతనైనా ఆ షట్టరు లేచిందా, ప్రొలాక్టిన్ పెరుగుతుంది. రొమ్ములోని గొట్టాలు కాస్త సిద్ధంగా ఉంటే మగవారికైనా చుక్కలు కనబడతాయి. ఇక ఆ షట్టరు ఎందుకు లేస్తుందో, ఏ వయసులో ఏం జరుగుతుందో ఒక్కొక్కటిగా చూద్దాం.

పసిబిడ్డ రొమ్ములు పిండకండి

మొదట పుట్టిన బిడ్డల సంగతి. నెలలు నిండి పుట్టిన బిడ్డల్లో, మగబిడ్డ అయినా ఆడబిడ్డ అయినా, కొద్ది రోజులకే రొమ్ములు ఉబ్బడం చాలా మందిలో కనిపిస్తుంది. వారిలో కొందరికి చనుమొన నుండి పాల చుక్కలు కూడా వస్తాయి. గర్భంలో ఉన్నప్పుడు తల్లి హార్మోన్లు బిడ్డలోకి చేరతాయి. కాన్పు తర్వాత అవి ఒక్కసారిగా తగ్గిపోతాయి. ఆ మార్పు వల్ల బిడ్డ సొంత ప్రొలాక్టిన్ పనిచేసి ఈ చుక్కలు వస్తాయి. ఇది జబ్బు కాదు. కొన్ని వారాలలో, కొందరికి రెండు మూడు నెలలలో, దానంతట అదే పోతుంది.

కాని మన ఊళ్ళలో ఏం జరుగుతుంది? బిడ్డకు నీళ్ళు పోసే అవ్వ నూనె రాసి, "ఈ పాలు పిండకపోతే గడ్డ కడతది" అని రెండు వేళ్ళతో గట్టిగా పిండుతుంది. ఆమె ప్రేమతోనే చేస్తుంది. అయినా ఇది చాలా ప్రమాదకరం. లేత చర్మం చిట్లి, దానిలోనుండి సూక్ష్మక్రిములు లోపలికి పోతాయి. రొమ్ము ఎర్రబడి, వేడెక్కి, చీము పడుతుంది. నెల లోపు బిడ్డకు చీము పట్టిందంటే ఆ విషం రక్తంలోకి పాకడానికి ఎంతో సమయం పట్టదు. ఆడబిడ్డ అయితే రొమ్ము మొగ్గ దెబ్బతిని, పెద్దయ్యాక ఒక రొమ్ము ఎదగకుండా పోవచ్చు.

అందుచేత అమ్మలారా, అవ్వలారా, పిండవద్దు, నూనెతో రుద్దవద్దు, కాపడం పెట్టవద్దు, పసరు రాయవద్దు. అలా వదిలేయండి. ముట్టకపోవడమే దీనికి మందు. ఒకవేళ రొమ్ము ఎర్రబడినా, గట్టిపడినా, చీము కనిపించినా, బిడ్డకు జ్వరం వచ్చినా, పాలు తాగడం మానివేసినా తెల్లవారే వరకు ఆగకుండా పిల్లల డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి.

ఈడు వచ్చే అబ్బాయిల సంగతి

పన్నెండు, పదమూడు, పద్నాలుగు ఏళ్ళ అబ్బాయిల్లో చనుమొన కింద నాణెమంత గట్టి బిళ్ళ తగులుతుంది. ముట్టుకుంటే నొప్పి. దీన్ని గైనకోమాస్టియా అంటారు. సగం మందికి పైగా అబ్బాయిల్లో ఎంతో కొంత ఇది వస్తుంది. ఆ వయసులో ఆడ, మగ హార్మోన్ల మధ్య తూకం కొంత కాలం కుదరదు. అందువల్ల ఇలా జరుగుతుంది. సాధారణంగా ఆరు నెలల నుండి రెండేళ్ళలో తగ్గిపోతుంది. పాలు రావు.

ఈ అబ్బాయి చొక్కా విప్పడు, చెరువులో ఈతకు పోడు, బడిలో ఆటలకు రాడు. తోటి పిల్లలు పేరు పెట్టి ఏడిపిస్తారు. తల్లిదండ్రులారా, మీరు కూడా నవ్వితే వాడు ఎవరికి చెప్పుకోవాలి? "ఇది చాలామందికి వస్తుంది నాయనా, పోతుంది" అని ఒక్క మాట చెప్పండి. రెండేళ్ళు దాటినా తగ్గకపోతే, బాగా పెద్దదైతే, లేక వృషణంలో గడ్డ తగిలితే డాక్టరుకు చూపించండి. లావుగా ఉన్నవారిలో అది వట్టి కొవ్వు కూడా కావచ్చు. డాక్టరు చేతితో పరీక్షించి తేడా చెబుతారు.

జిమ్ముకు వెళ్ళే యువకులకు ఒక మాట. కండలు తొందరగా పెరగాలని స్టెరాయిడ్ ఇంజెక్షన్లు తీసుకుంటే, అందులోని మగ హార్మోను కొంత శరీరంలో ఆడ హార్మోనుగా మారుతుంది. ఛాతీ పెరగాలని తీసుకున్న ఇంజెక్షను రొమ్ము పెరిగేలా చేస్తుంది. పైగా సంతానం కలిగే శక్తి దెబ్బతింటుంది.

గ్యాస్ గోలీ కూడా కారణం కావచ్చు

పెద్దవారిలో ప్రొలాక్టిన్ పెరగడానికి ఎక్కువగా కనిపించే కారణాల్లో మందులు ఒకటి. మనకు కడుపు ఉబ్బినా, తేన్పులు వచ్చినా మందుల షాపుకు పోయి "గ్యాస్ గోలీ ఇవ్వు" అంటాం. చాలాసార్లు ఇచ్చేది ఒక్క మందు కాదు, రెండు కలిసిన మందు. పాంటాప్రజోల్ లేక రాబిప్రజోల్‌తో పాటు డొంపెరిడోన్ గాని లెవోసల్పిరైడ్ గాని కలిసి ఉంటుంది. ఈ రెండవ మందు డోపమిన్‌ను అడ్డుకుంటుంది. అనగా మనం చెప్పుకున్న షట్టరును పైకి లేపుతుంది. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్ కూడా అంతే.

డాక్టరు చెప్పినన్ని రోజులు వాడితే సాధారణంగా భయం లేదు. కాని ఒకసారి రాసిచ్చిన చీటీ పట్టుకొని రోజూ పరగడుపున ఒకటి చొప్పున నెలలు, ఏళ్ళు మింగేవారు మన మధ్య ఎంతమంది లేరు? అటువంటి వారిలో మగవారికి రొమ్ము నొప్పి, ఉబ్బు, పాల చుక్కలు, కోరిక తగ్గడం కనిపించవచ్చు. పెళ్ళికాని ఆడపిల్లలకు పాలు వచ్చి, నెలసరి తప్పి, ఇంట్లో లేనిపోని అనుమానాలు పుట్టవచ్చు. తప్పు పిల్లది కాదు, గోలీది. మందు ఆపిన కొద్ది రోజుల నుండి కొద్ది వారాలలో ప్రొలాక్టిన్ సర్దుకుంటుంది. అందుకే డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు మీరు వాడే ప్రతి మందు అట్టనూ సంచిలో వేసుకొని పోండి.

మానసిక వ్యాధులకు ఇచ్చే రిస్పెరిడోన్, అమిసల్‌ప్రైడ్, హాలోపెరిడాల్ వంటి మందులు కూడా ప్రొలాక్టిన్‌ను పెంచుతాయి. ఇక్కడ ఒక్క మాట గట్టిగా గుర్తుంచుకోండి. ఈ మందులను మీ అంతట మీరు ఆపవద్దు. హఠాత్తుగా ఆపితే జబ్బు తిరగబెట్టి, ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరుకు చెబితే మోతాదు తగ్గించడమో, వేరే మందుకు మార్చడమో చేస్తారు. బిపి, గుండె జబ్బులకు, కడుపులో నీరు చేరినప్పుడు ఇచ్చే స్పైరనోలాక్టోన్ వల్ల పాలు రాకపోయినా రొమ్ము ఉబ్బి నొప్పి చేయవచ్చు. దానికీ ఇదే పద్ధతి. ముందు అడగండి, తర్వాత మార్చండి.

తలలో చిన్న గడ్డ – ఇంట్లో పెద్ద బాధ

ఇక ముఖ్యమైన సంగతి. పిట్యూటరీ గ్రంథిలో కొన్నిసార్లు చిన్న గడ్డ పెరిగి ప్రొలాక్టిన్‌ను అదే పనిగా తయారు చేస్తుంది. దీనిని ప్రొలాక్టినోమా అంటారు. ఇది దాదాపు ఎప్పుడూ క్యాన్సర్ కాదు. ఆడవారికి నెలసరి తప్పుతుంది గనుక తొందరగా బయటపడుతుంది. మగవారికి అలాంటి గుర్తు లేదు. పాల చుక్కలు కూడా కొద్దిమందికే వస్తాయి. ముందుగా కోరిక తగ్గుతుంది, అంగస్తంభన ఉండదు, వీర్యకణాలు తగ్గి సంతానం కలగదు, నీరసంగా ఉంటుంది. ఇవేవీ మగవాడు బయటికి చెప్పడు. అందుకే మగవారిలో ఈ గడ్డ బాగా పెద్దదయ్యాకనే కనబడుతుంది.

పెద్దదైతే తలనొప్పి వస్తుంది. కంటి నరాల మీద ఒత్తిడి పడి రెండు వైపులా పక్కచూపు పోతుంది. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, పక్కనుండి వచ్చేది కనిపించదు. సూర్యాపేట, కోదాడల మీదుగా పోయే హైదరాబాద్–విజయవాడ హైవే మీద లారీ నడిపే డ్రైవరుకు పక్కచూపు లేకపోతే ఏమవుతుందో ఆలోచించండి.

మరొక ఇంటిని తలచుకోండి. పెళ్ళయి నాలుగేళ్ళు, పిల్లలు లేరు. భార్యను మిర్యాలగూడలో ఒక ఆస్పత్రి, నల్లగొండలో ఒకటి, హైదరాబాదులో ఒకటి తిప్పుతారు. ఆమెకు స్కానింగులు, ఇంజెక్షన్లు. ఇరుగుపొరుగు ఆమెనే "గొడ్రాలు" అంటారు. భర్తకు మాత్రం ఒక్క పరీక్ష కూడా చేయించరు. అతడికి రెండేళ్ళుగా కోరిక లేదు, తల నొస్తున్నది. ఆ సంగతి తనకు తప్ప ఎవరికీ తెలియదు. ఒక్క రక్త పరీక్షతో తేలే విషయానికి ఆ అమ్మాయి అన్నేళ్ళు నింద మోస్తుంది. సోదరులారా, సంతానం లేనప్పుడు పరీక్షలు ఇద్దరికీ చేయాలి. మగవారి పరీక్ష సులువు కూడా.

సంతోషించవలసిన మాట ఏమిటంటే, ఈ గడ్డకు ఎక్కువ మందికి ఆపరేషన్ అక్కరలేదు. క్యాబర్గోలిన్ అనే మాత్రను వారానికి ఒకటి రెండుసార్లు వాడితే చాలామందిలో ప్రొలాక్టిన్ దిగివస్తుంది, గడ్డ కూడా కరుగుతుంది. మగతనం, సంతాన శక్తి తిరిగి వస్తాయి. కాకపోతే కొన్నేళ్ళ పాటు డాక్టరు పర్యవేక్షణలో వాడాలి. బాగయిందని మధ్యలో మానకూడదు.

మరి కొన్ని కారణాలు

థైరాయిడ్ బాగా తగ్గినవారిలో ప్రొలాక్టిన్ పెరగవచ్చు. థైరాయిడ్ మాత్రతోనే ఇది సర్దుకుంటుంది. కిడ్నీలు పాడైనవారిలో ప్రొలాక్టిన్ సరిగా బయటికి పోదు. ఛాతీ మీద కాలిన గాయాలు, ఆపరేషన్లు, సర్పి పొక్కులు కూడా నరాల ద్వారా మెదడుకు తప్పుడు కబురు పంపుతాయి. తల్లి రొమ్మును బిడ్డ చప్పరించినప్పుడు పోయే కబురు కూడా ఆ నరాల గుండానే పోతుంది.

కాలేయం సంగతి కొంచెం వేరు. మగవారి శరీరంలో కూడా కొంత ఈస్ట్రోజన్ తయారవుతుంది. దాన్ని విరిచి బయటికి పంపేది కాలేయం. తాగుడు వల్ల కాలేయం గట్టిపడితే ఈ పని కుంటుపడుతుంది. పొట్ట ఉబ్బి, కాళ్ళు సన్నబడి, రొమ్ములు పెరిగిన తాగుబోతును మీరు చూసే ఉంటారు. అది బలం కాదు, కాలేయం చేతులెత్తేసిందనడానికి గుర్తు.

ఆకలి కూడా ఈ పని చేయిస్తుందంటే నమ్ముతారా? రెండవ ప్రపంచ యుద్ధంలో ఖైదీ శిబిరాలలో తిండి లేక శుష్కించిన సైనికులు విడుదలై కడుపునిండా తిన్నాక, వారిలో చాలామందికి రొమ్ములు ఉబ్బాయి. కొందరికి పాల చుక్కలు కూడా వచ్చాయి. ఆకలిలో హార్మోన్ల గ్రంథులూ కాలేయమూ రెండూ నిద్రపోతాయి. తిండి దొరకగానే గ్రంథులు ముందు లేస్తాయి, కాలేయం ఆలస్యంగా లేస్తుంది. ఆ మధ్య కాలంలో హార్మోన్లు పేరుకుంటాయి.

రక్తం కలిసి వస్తే ఆగవద్దు

రెండు రొమ్ముల నుండి తెల్లగా వచ్చే ద్రవం ఎక్కువగా హార్మోన్ల వల్ల వచ్చేది. కాని ఒక్క వైపు నుండే, పిండకుండానే, రక్తం కలిసి లేక నీళ్ళలా వస్తే అది వేరే విషయం. చనుమొన కింద నొప్పి లేని గట్టి గడ్డ, చనుమొన లోపలికి లాక్కుపోవడం, మానని పుండు, చంకలో గడ్డలు – ఇవి రొమ్ము క్యాన్సర్ గుర్తులు కావచ్చు.

"మగవాడికి రొమ్ము క్యాన్సరా?" అంటారు. వస్తుంది. వందమంది రొమ్ము క్యాన్సర్ రోగులలో సుమారు ఒకరు మగవారు. ఎక్కువగా అరవై ఏళ్ళ ప్రాంతంలో వస్తుంది. అక్కకో, తల్లికో వచ్చి ఉంటే మరింత జాగ్రత్త అవసరం. మగవారి రొమ్ము చిన్నది గనుక గడ్డ చేతికి తొందరగా తగలాలి. అయినా చాలామంది ఆలస్యంగా వస్తారు. కారణం ఒక్కటే, ఇది ఆడవారి జబ్బు అనుకోవడం. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రిలో దీనికి చికిత్స ఉంది. తొందరగా వస్తే నయమయ్యే అవకాశం ఎక్కువ.

తండ్రి బిడ్డకు పాలివ్వగలడా?

ఇది పాత ప్రశ్నే. మన మహాభారతంలో మాంధాత కథ ఉంది. యువనాశ్వుడనే రాజు మంత్రజలం తాగి గర్భం ధరిస్తాడు. బిడ్డ పుట్టాక వచ్చిన చిక్కు "ఈ బిడ్డకు పాలెవరిస్తారు?" అనే. అప్పుడు ఇంద్రుడు తన వేలు చప్పరించడానికి ఇచ్చాడని కథ. చూడండి, మగవాడు బిడ్డను కన్నాడని చెప్పిన కథ కూడా ఆ తండ్రి చేత పాలు ఇప్పించలేదు.

1799–1800 ప్రాంతంలో వెనిజులాలో తిరిగిన జర్మన్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్, తల్లి జబ్బుపడినప్పుడు ఒక తండ్రి ఐదు నెలలు బిడ్డకు పాలిచ్చిన సంగతిని రాశాడు. 2002లో శ్రీలంకలో భార్య చనిపోయిన ఒక తండ్రి తన కూతురికి పాలిచ్చాడని పత్రికలలో వచ్చింది. ఇవి విన్నవి, రాసినవి. డాక్టర్లు పాలను కొలిచి, బిడ్డ బరువు తూచి నిర్ధారించినవి కావు. 2018లో అమెరికా వైద్యులు ప్రచురించిన ఒక కేసులో, ఏళ్ళ తరబడి ఆడ హార్మోన్లు తీసుకున్న ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ, వైద్యుల పర్యవేక్షణలో మందులు వాడి, బిడ్డకు ఆరు వారాలు పూర్తిగా తన పాలే ఇవ్వగలిగింది. అంటే హార్మోన్లు చాలాకాలం పనిచేస్తేనే రొమ్ము అందుకు సిద్ధమవుతుంది. మామూలు మగవాడు ఇంట్లో ప్రయత్నిస్తే జరిగేది కాదు.

జంతువులలోనూ ఇది అరుదే. మలేషియాలో పట్టుకున్న ఒక జాతి మగ గబ్బిలాల్లో కొద్దిగా పాలున్నట్టు 1994లో ప్రచురించారు. మేకపోతుకు పాలు వచ్చిన వార్త అప్పుడప్పుడు వింటాం. మన ఇంటి చూరులో ఉండే పావురం మాత్రం ఆశ్చర్యకరం. తల్లి పావురం, తండ్రి పావురం రెండూ గొంతు సంచిలో పాల వంటి పదార్థం తయారు చేసి పిల్లలకు నోటితో పెడతాయి. దాన్ని కూడా నడిపించేది ప్రొలాక్టినే.

తల్లి పాలు అందని బిడ్డకు ఏం చేయాలి?

తల్లి తీవ్రంగా జబ్బుపడినా, దేవుడు తీసుకుపోయినా, తండ్రి చేతిలో ఏడ్చే బిడ్డ ఉంటుంది. ఆ తండ్రి ముందు చేయవలసినది ఆస్పత్రిని అడగడం. తల్లి బతికి ఉంటే ఆమె పాలు పిండి, శుభ్రమైన ఉగ్గుగిన్నెతో పట్టవచ్చు. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలకు దానం చేసిన తల్లి పాలు ఇచ్చే పాల బ్యాంకులు ఉన్నాయి. మన దేశంలో మొదటిది 1989లో ముంబయి సయన్ ఆస్పత్రిలో మొదలైంది. హైదరాబాదు నీలోఫర్ ఆస్పత్రిలో 2017లో ప్రారంభమైంది. అదీ దొరకకపోతే డాక్టరు చెప్పిన పాలపొడిని, డబ్బా మీద రాసిన కొలత ప్రకారం, కాచి చల్లార్చిన నీటిలో కలపండి. డబ్బా నాలుగు రోజులు ఎక్కువ రావాలని పలుచగా కలపవద్దు. పాలసీసా వద్దు, గిన్నె–చెంచా మేలు.

తండ్రి ఇవ్వగలిగినది మరొకటి ఉంది. అది ఛాతీ వెచ్చదనం. నెలలు నిండని, బరువు తక్కువ బిడ్డను చొక్కా విప్పిన ఛాతీకి నేరుగా ఆనించి, పైన దుప్పటి కప్పి గంటల తరబడి ఉంచుకోవచ్చు. దీన్ని కంగారూ సంరక్షణ అంటారు. 1978లో కొలంబియా దేశపు బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలైన పద్ధతి ఇది. ఇటువంటి బిడ్డలకు పుట్టిన వెంటనే మొదలుపెట్టమని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పింది. తల్లి ఆపరేషన్ బల్ల మీద ఉన్నప్పుడు ఈ పని తండ్రి చేయవచ్చు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60 కాన్పులు ఆపరేషన్లే. పుట్టిన గంట లోపు తల్లి పాలు అందిన పిల్లలు నూటికి 40 మంది కన్నా తక్కువ. కుట్లు నొప్పితో లేవలేని తల్లికి బిడ్డను ఎత్తి అందించే చేయి కావాలి. ఆ చేయి తండ్రిది అయితే తప్పేముంది? తేనె, చక్కెర నీళ్ళు నాకించబోయే చుట్టాలను ఆపే నోరు కూడా ఆయనదే కావాలి. రాత్రి బిడ్డ తడిపితే బట్ట మార్చండి. తల్లికి ఒక ముద్ద ఎక్కువ తినిపించండి. మగవాడు బిడ్డకు పాలు అందించే సరైన దారి ఇదే.

తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రశ్న: గేదెకు ఇంజెక్షన్ వేసి పిండిన పాలు తాగితే అబ్బాయిలకు రొమ్ములు పెరుగుతాయంటారు, నిజమేనా?

జవాబు: ఆ ఇంజెక్షన్ ఆక్సిటోసిన్. అది పాలు చేపు చేయిస్తుంది గాని రొమ్ము పెంచే హార్మోను కాదు. నోటి ద్వారా పోతే కడుపులో అరిగిపోతుంది. గేదెను అలా హింసించడం మాత్రం తప్పే. అబ్బాయిల రొమ్ము ఉబ్బుకు కారణం సాధారణంగా వయసే.

ప్రశ్న: పాల చుక్కలు వస్తున్నాయో లేదో రోజూ పిండి చూసుకోవచ్చా?

జవాబు: వద్దు. పిండిన కొద్దీ ప్రొలాక్టిన్ పెరిగి ఇంకా వస్తుంది. పరీక్ష కూడా తప్పుగా రావచ్చు. డాక్టరు చూస్తారు, మీరు వదిలేయండి.

ప్రశ్న: ఏ పరీక్షలు చేస్తారు?

జవాబు: ముందు మీరు వాడే మందుల గురించి అడుగుతారు. తర్వాత రక్తంలో ప్రొలాక్టిన్, థైరాయిడ్, కిడ్నీ, కాలేయం, మగ హార్మోను పరీక్షలు చేస్తారు. ప్రొలాక్టిన్ బాగా ఎక్కువగా ఉంటే తలకు ఎంఆర్‌ఐ, కంటి చూపు పరీక్ష అవసరమవుతాయి. గడ్డ ఉంటే స్కానింగు, సూది పరీక్ష చేస్తారు.

ప్రశ్న: ఎక్కడికి వెళ్ళాలి?

జవాబు: మిర్యాలగూడ ఏరియా ఆస్పత్రి, కోదాడ ప్రభుత్వ ఆస్పత్రిలో మొదట చూపించుకోవచ్చు. 2019లో సూర్యాపేటలోనూ నల్లగొండలోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. హార్మోన్ల నిపుణులు కావలసి వస్తే హైదరాబాదు ఉస్మానియాకు గాని నిమ్స్‌కు గాని పంపుతారు. పసరు కట్టడం, వాతలు పెట్టించడం, ఊళ్ళో ఆర్‌ఎంపీ చేత గడ్డను కోయించడం మాత్రం చేయవద్దు.

చివరిగా గుర్తుంచుకోండి

పసిబిడ్డకు వస్తే వదిలేయండి, పిండకండి. ఈడొచ్చే అబ్బాయికి ఉబ్బితే ధైర్యం చెప్పండి. పెద్దవారికి రెండు వైపులా పాల వంటిది వస్తే మందుల అట్టలు తీసుకొని డాక్టరు దగ్గరకు పోండి. ఒక్క వైపు రక్తం వచ్చినా, గడ్డ తగిలినా అదే వారంలో పోండి. తలనొప్పి, పక్కచూపు తగ్గడం తోడైతే ఆ రోజే బయలుదేరండి.

మగవాడు తన రొమ్ము గురించి డాక్టరుకు చెప్పుకుంటే మగతనం తగ్గదు. చెప్పుకోక దాచుకుంటేనే ప్రాణం మీదికి వస్తుంది. ఈ పుస్తకాన్ని మడిచి పక్కన పెట్టేయకుండా ఇంట్లో నీళ్ళు పోసే అవ్వకు ఒక పేజీ, రోజూ గ్యాస్ గోలీ మింగే బాబాయికి ఒక పేజీ చదివి వినిపించండి.